అందరికీ నూట ఇరవై బై ఎనభై

క్వాలిటీ ఫైలు నా చేతికి రావడానికి కారణం నా తెలివితేటలు కావు. నేను ఆ దవాఖానకు బదిలీ మీద వచ్చి రెండు వారాలు కూడా కాలేదు. వద్దని చెప్పి తప్పించుకునేంత పరిచయం ఇంకా ఎవరితోనూ కుదరలేదు. అంతే.

కరీంనగర్‌లో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. హెడ్ నర్సుగా ప్రమోషన్ వచ్చిందని మిఠాయి పంచేలోపే ఆదిలాబాద్ వైపు ఒక చిన్న పట్టణంలోని సర్కారు దవాఖానకు వేశారు. మా ఆయన మందమర్రిలో బొగ్గుబాయిలో సర్దారు. కార్మికులు లోపలికి వెళ్లేముందు గ్యాసు, పైకప్పు చూసి పుస్తకంలో రాయడం ఆయన పని. ఆయన అక్కడి క్వార్టర్లో, నేను ఇక్కడ పత్తి మిల్లు వెనక ఒక అద్దె గదిలో. పత్తి వచ్చే రోజుల్లో కిటికీ తెరిస్తే దూది పింజలు వచ్చి అన్నంలో పడేవి.

మా సూపరింటెండెంటు ఎముకల డాక్టరు. పెద్ద గొంతు, పెద్ద చేతులు, ఏ పని మీదా రెండు నిమిషాలకు మించి నిలవని ఓపిక. ఒకరోజు నన్ను పిలిచి, బ్యాండేజీ గుడ్డతో కట్టిన లావుపాటి ఫైలొకటి బల్ల మీద నా వైపు నెట్టారు.

"నువ్వు కరీంనగర్ల జేసినవు గదమ్మా. గక్కడ ఇవన్నీ ఎర్కుంటయి. ఇగ క్వాలిటీ నువ్వే చూస్కో."

"క్వాలిటీ అంటే ఏం చూడాలె సార్?"

"హైదరాబాద్ నుంచి తనిఖీకి వస్తరు. కాయితాలు సక్కగుండాలె. సర్టిఫికెట్ వస్తె గోడకు వెట్టాలె. గంతే."

గంతే. ఫైలు విప్పితే లోపల వందల ప్రశ్నలు. చేతులు కడుక్కుంటున్నారా, మందుల గడువు చూస్తున్నారా, రోగి వచ్చిన ఎంతసేపటికి డాక్టరు చూస్తున్నాడు, ఇలా. ప్రతి ప్రశ్న పక్కన ఒక గడి. నాకంటే ముందు ఆ ఫైలు చూసిన మహానుభావుడెవరో అన్ని గడుల్లోనూ 'ఉంది', 'ఉంది', 'ఉంది' అని ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసి పెట్టాడు. రాసేటప్పుడు కుర్చీలోంచి లేవలేదని ఆ అక్షరాలే చెబుతున్నాయి.

నాకు తెలిసిన పని ప్రసూతి వార్డు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టాను. రికార్డు గదిలో ఒక స్టూలు వేసుకుని పాత కేస్ షీట్లు తీశాను. మొదటి షీటులో బీపీ నూట ఇరవై బై ఎనభై. పొద్దున అదే, సాయంత్రం అదే. రెండో షీటులోనూ అదే. పదో షీటు దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది. ముప్పయ్యో షీటు దగ్గర ఆ నవ్వు పోయింది. లావు మనిషికి అదే, బక్క మనిషికి అదే. తొలి కాన్పుకు అదే, నాలుగో కాన్పుకు అదే. రక్తం లేక రెండు సీసాలు ఎక్కించుకున్న మనిషికి కూడా అదే.

ఒక షీటును మాత్రం ఇప్పటికీ మరిచిపోలేను. ఆమెను పొద్దున పది గంటలకు అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపినట్టు డాక్టరు సంతకం ఉంది. అదే షీటు కింద, అదే రోజు మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి, మర్నాడు పొద్దున కూడా ఆమె బీపీ రాసి ఉంది. నూట ఇరవై బై ఎనభై. మనిషి వెళ్లిపోయింది కానీ ఆమె బీపీ మా వార్డులోనే ఉండిపోయింది.

షీట్ల కట్ట చంకలో పెట్టుకుని వార్డుకు పోయాను. చలికాలం. మంచాల మీద ఇంటి నుంచి తెచ్చుకున్న బొంతలు, మంచాల కింద టిఫిన్ డబ్బాలు, అడుగడుగునా చుట్టాలు. మధ్యలో బల్ల దగ్గర అక్క కూర్చుని రిజిస్టరు రాస్తోంది. అక్క అంటే నా సొంత అక్క కాదు, వార్డులో అందరికంటే పాత నర్సు. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉంది. హోదాలో నేను పైన, వయసులో ఆమె పైన. మొదటి రోజే ఆమె నన్ను 'చెల్లె' అని పిలిచి ఆ లెక్క తేల్చేసింది.

"అక్కా, బీపీ మిషన్ ఏది?"

పెన్నుతోనే అల్మారా చూపించింది. తీశాను. రబ్బరు గొట్టానికి మూడు చోట్ల ప్లాస్టరు చుట్టి ఉంది. పట్టీ నా చేతికే చుట్టుకుని గాలి కొట్టాను. తుస్సుమంది. ముల్లు అక్కడే ఉంది.

"ఎప్పటి సంది ఇట్లుంది?"

"నేను గీ వార్డుకు అచ్చినప్పటి సంది."

"మరి ఇవన్నీ ఎట్ల రాసిన్రక్కా?"

ఆమె పెన్ను కింద పెట్టింది. కోపం లేదు, సిగ్గు కూడా లేదు. తెలిసిన లెక్క తెలియనట్టు అడిగే పిల్లను చూసినట్టు చూసింది.

"జర నా దిక్కు చూడు చెల్లె. డ్యూటీల ఇద్దరం. ఒకలు లేబర్ రూంల ఉంటరు, ఒకలు గీడ. గీ రిజిస్టర్లు చూసినవా? ఒక్క మనిషి పేరు పదకొండు కాడ రాయాలె. ఖాళీ కనవడితె మెమో ఇస్తరు. తప్పు రాస్తె ఇంతవరదాక ఎవ్వలు అడగలే. నువ్వెన్నడు రాయలేదా?"

నేనూ రాశాను. చదువు అయిపోగానే ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో చేరిన కొత్తలో, గింత మందికి చుట్టుకుంట కూసుంటవా అని పెద్ద నర్సు కసిరితే, నాడి పట్టుకుని చూసి, మొహం చూసి, రాసేశాను. ఎన్నిసార్లో గుర్తు కూడా లేదు. అక్క అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా స్టోరుకు నడిచాను.

స్టోరు చూసే ఆయన కళ్లద్దాలు నుదుటికెత్తి పుస్తకం తిరగేశాడు.

"కొత్త మిషన్ ఇయ్యరాదు మేడం. మీ వార్డుల నాలుగు ఉన్నయి. నాలుగూ నడుస్తున్నట్టే ఉన్నది."

"ఒక్కటే ఉంది. అది కూడా నడుస్తలేదు."

"మీవోళ్లే సంతకం వెట్టిన్రు." ఆయన ఇంకొంచెం ఆలోచించి, నిజంగానే అర్థంకానట్టు అడిగాడు. "అయినా రోజూ అందరి బీపీ చూస్తున్నట్టు రిపోర్టు పోతాంది గద. మిషనే లేకుంటె ఎట్ల చూస్తున్నరు?"

పాత మిషన్లు పనికిరావని రాయాలంటే ఒక కమిటీ కూర్చోవాలట. కమిటీలో ముగ్గురు డాక్టర్లు. ముగ్గురూ ఒకే రోజు దొరికిన దాఖలా లేదట. కొత్త మిషన్ కావాలని ఇండెంటు రాసి ఇచ్చి వచ్చాను. దాని మీద ముద్ర పడింది. ముద్ర పడిన తర్వాత అది ఏమైందో ఎవరికీ తెలియదు.

ఆ ఆదివారం మా అమ్మ దగ్గరికి పోయాను. మేం అవ్వ అంటాం. మాది మరమగ్గాల ఊరు. బాపు ఇప్పటికీ మగ్గాల చప్పుడుకు అలవాటుపడిన గొంతుతోనే, ఇల్లెగిరిపోయేలా మాట్లాడతాడు. అవ్వకు బీపీ ఉందని రెండేళ్ల కింద నేను కొనిచ్చిన మిషన్ డబ్బాలోంచి తీయకుండా బియ్యం డ్రమ్ము మీద పెట్టి ఉంది.

"ఒక్కసారన్న చూసుకున్నవా అవ్వా?"

"నాకెందుకు బిడ్డా అది? నెత్తి నొస్తె నాకెర్కగాదా?"

ఇంట్లో కూడా ఇదే. ఆమెతో వాదించే ఓపిక లేక, ముందు ఆమె బీపీ చూసి, మాత్రలు తెప్పించి, నెలనెలా చూడమని పక్కింటి ఆరోగ్య కార్యకర్తకు అప్పజెప్పి, మిషన్ నా సంచిలో వేసుకుని బస్సెక్కాను.

అది వార్డుకు తెచ్చిన నాలుగో రోజు అనుకుంటా. నేను వెంట ఉన్నప్పుడు తప్ప ఇంకా పాత రాతే నడుస్తోంది. సాయంత్రం నాలుగు దాటింది. వార్డులోంచి పోతుంటే ఒక ముసలామె నా చీర కొంగు పట్టుకుంది. మహారాష్ట్ర సరిహద్దు ఊరి మనిషి. సగం మరాఠీ, సగం తెలుగు.

"బాయీ, సునేచం డోకం లయ్ దుఖతయ్. కోడలికి నెత్తి మస్తు నొస్తాందట. పొద్దుగాల సంది చెప్తున్న, ఎవలు ఇంటలేరు."

కోడలు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తొలి చూలు, ఎనిమిదో నెల. భర్త జిన్నింగ్ మిల్లులో పని. పాదాలు చూశాను. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. షీటు చూశాను. పొద్దున నూట ఇరవై బై ఎనభై, రెండింటికి నూట ఇరవై బై ఎనభై.

"కండ్ల ముంగట మబ్బు మబ్బుగ అయితాంది సిస్టర్" అంది ఆ పిల్ల, కళ్లు తెరవకుండానే.

మిషన్ చుట్టాను. అంకెలు ఎక్కుతూ పోయి నూట ఎనభై మీద ఆగాయి. కింద నూట ఇరవై. నమ్మబుద్ధి కాక రెండో చేతికి చుట్టాను. అంతే ఉంది. డ్యూటీ డాక్టరమ్మ కోసం కేకేశాను. ఇంజెక్షన్ ఎక్కిస్తుండగానే ఆ పిల్లకు ఫిట్స్ మొదలయ్యాయి. అత్త పెట్టిన కేకకు వార్డంతా లేచి నిలబడింది.

అప్పుడు అందరికంటే ముందు కదిలింది అక్కే. ఆమె అంత వేగంగా నడవగలదని కూడా నాకు తెలియదు. ఆ పిల్లను పక్కకు తిప్పి, నాలుక కరుచుకోకుండా చూసి, కొట్టుకుంటున్న చేతిలో ఒక్క పోటుకు సూది దించింది. ఆక్సిజన్ తెమ్మని, చుట్టాలను అవతలికి పొమ్మని, అంబులెన్స్ అతనికి ఫోన్ చేయమని, అన్నీ ఒక్క గొంతులోనే. నేను నా సర్వీసులో అంత బాగా పనిచేసే చేతులు కొన్నే చూశాను. మధ్యాహ్నం రెండింటికి ఆ షీటు మీద రాసింది కూడా ఆ చేతులే. ఈ రెండింటినీ ఎలా కలిపి అర్థం చేసుకోవాలో నాకు ఇవాళ్టికీ తెలియదు.

అంబులెన్స్ పోయింది. మర్నాడు పొద్దున పెద్దాసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. తల్లి బతికింది. కడుపులో బిడ్డ పోయింది.

సూపరింటెండెంటు కేస్ షీటు తెప్పించుకున్నారు. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆయన వేలు ఒక్కొక్క గీత మీదుగా పోయి కిందికి వచ్చింది. పెద్దగా ఊపిరి వదిలారు.

"బీపీ నార్మలే ఉన్నది గదమ్మా. ఫిట్స్ ఎకాయెకి వచ్చినయి. ఎవలేం జేస్తరు? రికార్డు సాఫ్ ఉన్నది."

నేను షీటులో ఆ అంకె మీద వేలు పెట్టాను.

"అది కొలిచి రాసింది కాదు సార్. మిషన్ పనిచేస్తనే లేదు. మొన్న మొన్నటిదాక వార్డుల ఎవ్వరి బీపీ ఎవ్వరు చూడలేదు."

ఆయన షీటు మూశారు. "పది రోజులల్ల తనిఖీ ఉన్నది. ఇప్పుడు గిది లేవట్టకు. ముందు గిక్కడ సంతకం వెట్టు."

క్వాలిటీ ఫైలు చివరి పేజీ అది. రికార్డులన్నీ పరిశీలించాను, అన్నీ సరిగా ఉన్నాయి అని. కింద నా హోదా టైపు చేసి ఉంది.

"నేను పెట్ట సార్."

"పెట్టకుంటె?"

"మెమో ఇయ్యుండి. ఆ కాయితమన్న నిజముంటది."

ధైర్యంతో అన్న మాట కాదది. విసుగుతో అన్న మాట. గదికి వచ్చాక ఫోనులో మా ఆయనకు జరిగిందంతా చెప్పి, మీ దగ్గర కొలవకుండా రాస్తే ఏమవుతుందని అడిగాను.

"మా కాడ రాసెటోడు గుడ గా బాయిలకే పోతడు గద. అందరికంటె ముందుగాల ఆడే పోవాలె. ఇగ ఎట్ల తప్పు రాస్తడు?"

మెమో వస్తుందని రెండు రోజులు ఎదురుచూశాను. మెమో రాలేదు. మూడో రోజు పొద్దున సూపరింటెండెంటే వార్డుకు వచ్చారు. చెప్పా పెట్టకుండా, వెంట ఎవరూ లేకుండా. ప్రసూతి వార్డులో ఎముకల డాక్టరుకేం పని అని అందరూ చూస్తుండగానే నా ముందు చేయి చాపారు.

"మిషన్ ఇటియ్యి."

మొదటి మంచం నుంచి మొదలుపెట్టారు. ఆ పెద్ద చేతులకు పట్టీ సరిగ్గా చిక్కలేదు. ఒకామె భయపడి చేయి వెనక్కి లాక్కుంది. "ఏం గాదు బిడ్డా, బీపీ చూస్తున్న" అని ఆయన గొంతు తగ్గించడం నేను మొదటిసారి విన్నాను. పక్కన అక్క షీట్లు పట్టుకుని నిలబడింది. ఆయన అంకె చూసి, షీటులో ఆ పొద్దున రాసిన అంకె చూసి, ఏమీ అనకుండా తర్వాతి మంచానికి పోయేవారు. ఏ ఒక్కటీ కలవలేదు. ముగ్గురికి బీపీ ఉండవలసినదానికంటే బాగా ఎక్కువ ఉంది. ఆ ముగ్గురిలో ఒకామెకు మర్నాడే ఇంటికి పంపమని రాసి ఉంది.

చివరి మంచం అయ్యేసరికి ఆయన చొక్కా వీపున తడిసిపోయింది. బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని మంచినీళ్లు అడిగారు.

"పొద్దుగాల ఇవి రాసింది ఎవలు?"

"నేనే సార్" అంది అక్క.

ఇక పిడుగు పడుతుందనుకున్నాం. ఆయన గ్లాసు వైపే చూస్తూ అన్నారు.

"రేపటి సంది కొలవకుంటె ఖాళీ ఇడ్సిపెట్టుండి. ఖాళీకి నేనేమన. కొలవకుంట రాసిందానికే అంట."

అక్క కదల్లేదు. "గా మాట కాయితం మీద రాసియ్యుండి సార్."

"ఏంది?"

"మీరు రేపు బదిలీ అయి పోతరు. మెమో నాకస్తది. రాసియ్యుండి."

ఆయన ఆమె వైపు కళ్లెర్రజేసి చూశారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, తెల్లకాగితం మీద ఆ మాటలే రాసి, సంతకం చేసి, గుమాస్తాను పిలిపించి ముద్ర కూడా వేయించారు. అక్క దాన్ని ప్లాస్టరుతో అల్మారా తలుపుకు అంటించింది. ఆ మధ్యాహ్నమే స్టోరు ఆయన మా వార్డుకు ఒక కొత్త మిషన్ మోసుకొచ్చాడు. కమిటీ ఎప్పుడు కూర్చుందని అడిగితే, "సూపరింటెండెంట్ సార్ నిలవడే సంతకం వెట్టిండు" అన్నాడు నొచ్చుకున్నట్టుగా.

ఇక అంతా బాగుపడిందని రాయాలని నాకూ ఉంది. కానీ ఆ తర్వాత మొదటి వారం షీట్లు చూశాను. ఎక్కడ చూసినా ఖాళీలే. సూపరింటెండెంటు నా గదికే వచ్చి అరిచారు.

"గింత ఖాళీనా! మనుషులు పని జేస్తున్నరా లేదా?"

"ఖాళీకి ఏమననని మీరే రాసిచ్చిన్రు సార్."

ఆయన తల కొట్టుకుంటూ కుర్చీలో కూలబడ్డారు. ఇద్దరం షీట్లు బల్లంతా పరిచి చూశాం. అప్పుడు కనబడింది. పొద్దున అంకెలు ఉన్నాయి. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఖాళీ. ఆ వేళలో కాన్పులు పడితే రెండో నర్సు కూడా లేబర్ రూంలోకి పోతుంది. వార్డులో ఎవరూ ఉండరు. ఇన్నాళ్లూ షీట్లు నిండుగా ఉండబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. మనుషులు సరిపోవడం లేదని అక్క ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది. ఆమె మొత్తుకున్నది అబద్ధమని ఆమె రాసిన అంకెలే సాక్ష్యం చెప్పాయి.

ఓపీలో మధ్యాహ్నం తర్వాత పని తక్కువ. అక్కడి నుంచి ఒక నర్సును ఆ వేళకు వార్డుకు వేశారు. దాంతో ఓపీ డాక్టరు నాతో నెల రోజులు మాట్లాడలేదు. మిషన్ కనబడకుండా పోతుందని దాన్ని గొలుసుతో గోడకు కట్టించాం. పదకొండు రిజిస్టర్లను ఐదుకు దించడానికి నేను చేసిన పోట్లాటలు చెబితే ఇంకో పుస్తకం అవుతుంది. తీసేసిన ప్రతి రిజిస్టరు కోసం ఏదో ఒక ఆఫీసు నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేశారు. ఆ రిజిస్టరు ఎవరైనా ఎప్పుడైనా తెరిచి చూశారా అని అడిగితే మాత్రం ఫోను పెట్టేశారు.

అంతలో ఇంకో తద్దినం. నెలాఖరుకు కంప్యూటర్లో రిపోర్టు చూస్తే మళ్లీ అందరికీ నూట ఇరవై బై ఎనభై! ఆపరేటర్ దగ్గరికి పరుగెత్తాను. పాత బస్తీ మనిషి, ఎంతో మర్యాదస్తుడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఖాళీ ఇడిస్తె స్క్రీన్ ముందుకు పోతలేదు మేడం. నంబర్ ఎయ్యమంటది."

"అయితే?"

"నూట ఇరవై ఎనభై ఏస్తున్న. జర ముందుకు పోవాలె గద."

అక్కడే కుర్చీలో కూర్చుని తల పట్టుకున్నాను. ఆయన పరేషానై మంచినీళ్లు తెచ్చాడు. ఇకనుంచి కొలవనివాటికి సున్నా వేయమన్నాను. వేశాడు. వారం తిరగకముందే పై ఆఫీసు నుంచి ఫోన్. ఆపరేటర్ రిసీవరుకు చేయి అడ్డం పెట్టి నన్ను పిలిచాడు.

"మేడం, మీ దగ్గర గింత మందికి బీపీ సున్నా ఉన్నది, వాళ్లు బతికున్నరా అని అడుగుతున్నరు. ఏం చెప్పాలె?"

"బతికున్నరని చెప్పుండి. బిడ్డలనెత్తుకొని ఇండ్లకు గుడ పోయిన్రని చెప్పుండి."

ఆయన ఆ మాటలే, పొల్లుపోకుండా చెప్పాడు.

రెండుసార్లు వాయిదా వేసుకుని, తనిఖీ బృందం అప్పటికి వచ్చింది. మర్యాదగా మాట్లాడారు, చాయ్ తాగారు, ఖాళీ గడులన్నీ ఎర్ర పెన్నుతో చుట్టారు. మార్కులు చాలలేదు. సర్టిఫికెట్ రాలేదు. ఆ ఖాళీలు ఎందుకున్నాయో నేను చెప్పబోతే, వాళ్లలో ఒకాయన పాపం నిజంగానే విన్నాడు. విని, "మీరు చెప్పేది సరైనదే మేడం, కానీ దానికి మా ఫారంలో గడి లేదు" అన్నాడు.

ఆ తర్వాతి సమీక్షా సమావేశానికి సూపరింటెండెంటు, నేను కలిసి పోయాం. తెర మీద అన్ని దవాఖానల లెక్కలు. ఎక్కువ బీపీ ఉన్న గర్భిణుల వరుసలో మా దవాఖాన పేరు పక్కన పెద్ద అంకె. మిగతా చాలా చోట్ల సున్నా. పై అధికారి మైకు దగ్గరికి లాక్కున్నారు.

"మీ దగ్గరే ఇంతమంది హైబీపీ వాళ్లు ఎందుకున్నారు డాక్టరుగారూ? మిగతా చోట్ల ఒక్కరూ లేరు."

మా సూపరింటెండెంటు లేచి నిలబడ్డారు. "మా దగ్గర బీపీ చూస్తున్నం సార్."

"అంటే మిగతావాళ్లు చూడటం లేదా?"

హాల్లో అందరూ తలలు వంచి తమ తమ కాగితాల్లో ఏదో వెతకడం మొదలుపెట్టారు.

"అది నాకెర్కలేదు సార్. నేను మా వార్డు ముచ్చట చెప్తున్న."

"సరే, వచ్చే నెలకు ఈ అంకె తగ్గాలి" అని అధికారి తర్వాతి స్లైడుకు పోయారు.

జీపులో తిరుగు ప్రయాణం. రోడ్డు పొడుగునా పత్తి ట్రాక్టర్లు, వాటి వెనక మేము. ఉన్నట్టుండి ఆయన నా వైపు తిరిగారు.

"ఆయన బీపీ తగ్గించుమన్నడా, అంకె తగ్గించుమన్నడా?"

"అంకె సార్."

ఆయన పగలబడి నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. నాకు నవ్వు రాలేదు.

అంకె మేము తగ్గించలేదు. తర్వాతి నెల ఇంకొంచెం పెరిగింది. మొదట్లో ఖాళీలు వదిలిన మధ్యాహ్నం వేళల్లో కూడా ఇప్పుడు కొలవడం మొదలైంది కాబట్టి. బీపీ ఎక్కువున్నవాళ్లను ఆ రోజే గుర్తుపట్టి మందులు మొదలుపెట్టడం, మా చేత కాకపోతే అప్పుడే పెద్దాసుపత్రికి పంపడం అలవాటయింది. అంతకుముందు ఎంతమంది పోయారు, ఇప్పుడు ఎంతమంది బతికారు అని నన్ను అడగకండి. పాత లెక్కలు ఎలాంటివో చెప్పాను కదా, దేనితో పోల్చను? నాకు తెలిసింది ఒకటే. ఒకరోజు అంబులెన్స్ నడిపే అతను చాయ్ తాగుతూ అన్నాడు.

"ఇదివరకు మీ వార్డు నుంచి సోయి లేనోళ్లను పంపుతుండె మేడం. ఇప్పుడు పంపెటోళ్లు తొవ్వంతా నాతోని ముచ్చటవెడుతున్నరు. ఒకామెనైతే బాసర కాడి వాళ్ల ఊరు ముచ్చట చెప్పుడు మొదలువెట్టి, దింపేదాక ఆపలే."

ఆ మాట నేను నా డైరీలో రాసుకున్నాను. ఏ ఫారంలోనూ దానికి గడి లేదు.

సూపరింటెండెంటు ఏడాదిన్నర తర్వాత బదిలీ మీద పోయారు. పోయే ముందు రోజు కూడా నన్ను పిలిచి, ఐదు రిజిస్టర్లు ఎందుకు, నాలుగు చాలవా అని తిట్టారు. అక్క ఇంకా ఉంది. తెలియనిది రాయదు, కానీ రోజుకు ఒక్కసారైనా "నీ ఖాళీలు సల్లగుండ" అని నన్ను దెప్పకుండా ఉండదు. కొత్త సూపరింటెండెంటుకు కంప్యూటరంటే ఇష్టం. ప్రతి సోమవారం రంగురంగుల గ్రాఫులు అడుగుతారు. గ్రాఫు వెనకాల ఉన్న మనిషిని కొలిచారా లేదా అని మాత్రం ఇంకా ఒక్కసారీ అడగలేదు. అడిగేదాకా నేను చెబుతూనే ఉంటాను, వేరే దారి లేదు. రెండో మిషన్ కోసం మూడో ఇండెంటు పెట్టాను. ముద్ర పడింది.

మొన్న ఒక సాయంత్రం పక్క మండలం దవాఖాన నుంచి ఒక నర్సు ఫోన్ చేసింది. ఎన్నడూ చూసిన మనిషి కాదు. నా నంబరు ఎవరిచ్చారో చెప్పలేదు. గొంతు తగ్గించి మాట్లాడుతోంది, వార్డులోంచే చేస్తున్నట్టుంది.

"అక్కా, మీ కాడ కొలవకుంటె ఖాళీ ఇడుస్తరట గద. నిజంగనే ఎవ్వలేమనరా?"

"అంటరు చెల్లె. మస్తుమంది అంటరు."

"మరెట్ల?"

"ముందుగాల మీ మిషన్ నడుస్తాందో లేదో నీ చేతికి చుట్టుకోని చూడు. చూసినంక మళ్ల ఫోన్ చెయ్యి."

అవతల అల్మారా తలుపు తెరుస్తున్న చప్పుడు వినబడింది. నేను ఫోను పెట్టకుండా చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాను.